కొవ్వు, మైనం, సీసం: ఒక తూటా పుట్టుపూర్వోత్తరాలు

సీసం అనగానే తెలుగు చదువుకున్నవాడికి ముందుగా స్ఫురించేది పద్యం. నాలుగు పొడవైన పాదాలు, కింద ఒక తేటగీతో ఆటవెలదో. ఇక్కడ నేను చెప్పబోయే సీసం అది కాదు. నిప్పు మీద పెడితే 327 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరిగి, మూసలో పోస్తే చల్లారి, చేతిలో పెడితే బరువుగా తూగే లోహం. ఈ లోహంతోనే మనవాళ్ళు అచ్చు అక్షరాలు పోతపోశారు, దీనితోనే తుపాకి గుండ్లూ పోతపోశారు. అక్షరాల కథ మనవాళ్ళు కొంత రాశారు. గుండ్ల కథ తెలుగులో ఎక్కువగా కనబడదు. అందుకే ఈ ప్రయత్నం.

ముప్పైయేళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. పక్క గదిలో సాంఘికశాస్త్రం అయ్యవారు 1857 పాఠం చెబుతూంటే గోడ దాటి వినిపించే వాక్యం ఒకటుండేది: "ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలను సిపాయిలు నోటితో కొరకవలసి వచ్చింది." పిల్లలు దాన్ని కంఠస్థం చేసేవారు, పరీక్షలో రాసేవారు, రెండు మార్కులు తెచ్చుకునేవారు. వాక్యం అక్కడితో ముగిసేది. ఒక గుండుకు కొవ్వు ఎందుకు పూయాలి? పూసినా దాన్ని కొరకడం దేనికి? ఆ కొవ్వు నిజంగా ఏ జంతువుది? ఈ మూడు ప్రశ్నలు ఏ పిల్లవాడూ అడగలేదు, ఏ పుస్తకమూ చెప్పలేదు. సమాధానాలు వెతుకుతూ పోతే అవి మత విశ్వాసాల చరిత్రలో కంటె ముందు కమ్మరి కొలిమి దగ్గర, అంగుళంలో వెయ్యో వంతుల కొలతల దగ్గర దొరికాయి.

ముందు మాటల సంగతి చూద్దాం. పండితుడి అలవాటు ఎక్కడికి పోతుంది! 'తుపాకి' తురుష్క భాష నుంచి దేశాలు దాటి మన దగ్గరికి వచ్చిన మాట. 'ఫిరంగి' అంటే ఫ్రాంకులది, అంటే ఐరోపావారిది. 'గుండు' మాత్రం మనదే; గుండ్రనిదేదైనా గుండే. పేలుడు పొడికి మనం పెట్టుకున్న పేరు 'మందు'. ప్రాణం నిలిపేదీ మందే, తీసేదీ మందే. ఇక ఆంగ్లంలోని కార్ట్రిడ్జి అనే మాట ఫ్రెంచివారి కార్తూష్ నుంచి, అది ఇటలీవారి కార్తొచ్చో నుంచి వచ్చాయి. దాని అర్థం కాగితపు పొట్లం. మూలధాతువు 'కార్తా', అంటే కాగితం. కార్టూను అన్నమాటా ఆ కాగితం నుంచే పుట్టింది. అంటే తూటా తొలుత ఇత్తడి గొట్టం కాదు. మన కిరాణా కొట్టులో పంచదార కట్టి ఇచ్చే పొట్లం వంటిది. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే తరువాతి కథ సగం అర్థమైనట్టే.

సీసంతో గుండ్లు పోయడం తుపాకి కంటె చాలా పాతది. ప్రాచీన గ్రీకులు, రోమనులు వడిసెలలో పెట్టి విసరడానికి బాదంకాయ ఆకారంలో సీసపు గుండ్లు పోతపోసేవారు. మూసలోనే అక్షరాలు చెక్కి, గుండు మీద మాటలు తేలేటట్టు చేసేవారు. 'ఇదిగో పుచ్చుకో' అనే అర్థం వచ్చే గ్రీకు మాట ఉన్న గుండ్లు తవ్వకాలలో దొరికాయి. క్రీస్తుపూర్వం 41-40 నాటి పెరూసియా ముట్టడిలో రోమనులు ఒకరి మీద ఒకరు విసురుకున్న గుండ్ల మీద సభ్యసమాజంలో పలకరాని తిట్లున్నాయి. అచ్చు అక్షరం, తుపాకి గుండు అన్నదమ్ములని పైన నేనన్నది ఉత్త చమత్కారం కాదు.

సీసానికి ఇంత గిరాకీ ఎందుకు? బరువైనది, మెత్తనిది, కట్టెల పొయ్యి మీద కూడా కరిగేది. సైనికుడు రాత్రి చలిమంట దగ్గర కూర్చుని తన గుండ్లు తానే పోసుకోగలడు. కాని చూడడానికి తేలికైన ఈ పనిలో చిక్కులు చాలా ఉన్నాయి. మూస చల్లగా ఉంటే గుండు ముడతలు పడుతుంది. మరీ వేడెక్కితే ఉపరితలం పొడిబారి మంచు పట్టినట్టు కనబడుతుంది. లోపల గాలి చిక్కితే బొరియ మిగిలి, గుండు బరువు ఒక పక్కకు ఒరిగి, గాలిలో దారి తప్పుతుంది. చల్లారేటప్పుడు సీసం కొద్దిగా కుంచించుకుపోతుంది కనుక మూస కొలతా గుండు కొలతా ఒకటి కావు. కొంచెం తగరం కలిపితే ద్రవం మూస మూలమూలలకూ చక్కగా పారుతుంది. అంజనం కలిపితే గట్టిపడుతుంది, కుంచించుకుపోవడం తగ్గుతుంది. సీసం, తగరం, అంజనం కలిపిన ఆ మిశ్రమమే ముద్రణాలయాలలో వాడిన అక్షరాల లోహం. పాఠశాల వార్షిక సంచిక ప్రూఫులు దిద్దడానికి ప్రెస్సుకు వెళ్ళినప్పుడు నా వేళ్ళకంటిన నల్లటి మసి ఆ లోహం మీదిదే. 'ఱ' బండి తోకా, 'క్ష' ఒంపూ స్పష్టంగా రావాలంటే అంజనం ఉండవలసిందే. సొంతంగా గుండ్లు పోసుకునే పాశ్చాత్య దేశాల ఔత్సాహికులు, లైనోటైపు యంత్రాలు మూలపడ్డ తరువాత, ఆ పాత అక్షరాల లోహాన్ని వెతికి కొనుక్కున్నారు. పత్రికలు అచ్చు వేసిన సీసం గుండ్లయింది.

గుండు పోయడం ఒక ఎత్తు, దాన్ని గొట్టానికి సరిపోయేటట్టు చేయడం మరొక ఎత్తు. తూర్పు ఇండియా కంపెనీ సిపాయి భుజాన మోసిన 'బ్రౌన్ బెస్' తుపాకి గొట్టం లోపలి వ్యాసం సుమారు 0.75 అంగుళం. అందులో వేసే గుండు వ్యాసం సుమారు 0.69 అంగుళం. ఈ తేడా కావాలని పెట్టినదే. నల్లమందు కాలినప్పుడల్లా గొట్టంలో మసి గట్టిగా పేరుకుంటుంది. గుండు బిగువుగా ఉంటే నాలుగు సార్లు కాల్చాక ఐదవది దిగదు. వదులుగా ఉంటే చకచకా దిగుతుంది. కాని వదులైన గుండు గొట్టం గోడలకు అటూ ఇటూ కొట్టుకుంటూ బయటికి వచ్చి, తనకు తోచిన దారిని పోతుంది. నూరు గజాలు దాటితే గురి అనేది దైవాధీనం.

గురి కుదరాలంటే గుండు తిరగాలి, బొంగరంలాగా. అందుకు గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు చెక్కారు. అదే రైఫిలు. ఇక్కడ చిక్కు తలకిందులైంది. గాడులు గుండును పట్టాలంటే గుండు బిగువుగా ఉండాలి. బిగువుగా ఉంటే మూతి వైపు నుంచి దిగదు. బ్రిటిష్ సైన్యంలో 1800 ప్రాంతంలో ప్రవేశించిన బేకర్ రైఫిలుకు తొలినాళ్ళలో గుండును దిగగొట్టడానికి చిన్న కొయ్యసుత్తులు కూడా ఇచ్చారు. యుద్ధం మధ్యలో సుత్తితో గుండు కొట్టుకునే సైనికుణ్ణి ఊహించుకోండి. దీనికి విరుగుడు, గుండును కొవ్వు రాసిన తోలుముక్కలోనో గుడ్డముక్కలోనో చుట్టి దించడం. కొవ్వు మూడు పనులు చేస్తుంది. గుండు జారేటట్టు చేస్తుంది; మందు మసిని మెత్తగా ఉంచుతుంది; మెత్తని సీసం గాడులలో రాసుకుని అంటుకుపోకుండా కాపాడుతుంది. మొదటి ప్రశ్నకు సమాధానం ఇదే. కొవ్వు ఎవరినో అవమానించడానికి పుట్టలేదు, గొట్టం అడిగింది కనుక వచ్చింది.

తరువాతి మలుపు మన దక్షిణదేశంలో మొదలైందని ఆయుధచరిత్రకారులు చెప్పే కథ ఒకటుంది. 34వ పదాతిదళానికి చెందిన కెప్టెన్ నార్టన్ 1820లలో దక్షిణ భారతంలో ఉన్నప్పుడు ఇక్కడివారు ఊదుగొట్టంతో బాణాలు వేయడం చూశాడట. ఆ బాణం అడుగున తామరతూడు బెండు ఉంది. ఊదినప్పుడు బెండు ఉబ్బి గొట్టం గోడలకు అంటుకుని, గాలి పక్కల నుంచి జారిపోకుండా ఆపుతోంది. అదే ఉపాయంతో అతడు అడుగున బోలుగా ఉన్న కోలగుండును రూపొందించాడు. దించేటప్పుడు వదులు, కాల్చినప్పుడు మందు పీడనానికి అడుగు ఉబ్బి బిగువు. పైఅధికారులు పట్టించుకోలేదు. 1830లలో విలియం గ్రీనర్ అనే తుపాకుల తయారీదారుదీ అదే గతి. చివరికి 1840ల చివర ఫ్రాన్సులో క్లోద్ ఎతియెన్ మినియే ఈ ఊహను పనికివచ్చే గుండుగా మలిచాడు. బ్రిటిష్ ప్రభుత్వం అతడికి 20,000 పౌనులు చెల్లించింది. తామరతూడు మనది, బహుమానం పరాయిది. సరే, అటువంటివి చరిత్రలో కొత్త కాదు.

మినియే మార్గంలోనే 1853 నమూనా ఎన్‌ఫీల్డు రైఫిలు పుట్టింది. గొట్టం వ్యాసం 0.577 అంగుళం, గుండు వ్యాసం 0.568 అంగుళం. తేడా 0.009 అంగుళం, అంటే మిల్లీమీటరులో పావు వంతు కూడా లేదు. గుండు బరువు 530 గ్రెయినులు. మన కొలతలో మూడు తులాలకు కాస్త తక్కువ. గురిచూసే పలకను 900 గజాల వరకు గీతలు పెట్టి ఇచ్చారు. పాత తుపాకితో పోలిస్తే ఇది వేరే లోకం.

దీని తూటా కాగితపు పొట్లమే. ఒక చివర మందు, మరొక చివర గుండు. గుండు ఉన్న చివరను బయటివైపు కరిగిన కొవ్వు మిశ్రమంలో ముంచేవారు. సిపాయి మందు ఉన్న చివరను పళ్ళతో కొరికి చింపి, మందును గొట్టంలో పోసి, పొట్లాన్ని తిప్పి గుండు చివరను మూతిలో దూర్చి, మిగిలిన కాగితం తుంచేసి, కడ్డీతో లోపలికి దించాలి. ఒక చేత తుపాకి పట్టుకుని ఉంటాడు కనుక పళ్ళే కత్తెర. ఇది కొత్త ఆచారమూ కాదు. పాత తుపాకి తూటాలనూ అలాగే కొరికేవారు, కాని వాటికి కొవ్వు ఉండేది కాదు. రెండవ ప్రశ్నకు ఇదీ సమాధానం. గమనించవలసినదేమంటే, కొరికే చివర, కొవ్వు చివర ఒకటి కావు. కాగితం మీద ఇది మంచి వాదన. కాని పశువుల కొవ్వు 40, 50 డిగ్రీల మధ్యనే కరిగిపోతుంది. ఉత్తర హిందూస్తానపు వేసవిలో తోలుసంచిలో పదుల కొద్దీ తూటాలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ ఉంటే ఏ చివర కొవ్వు ఏ చివరకు పాకిందో చెప్పగలవారెవరు? తూటా పట్టుకున్న వేళ్ళు తరువాతి తూటాను నోటి దగ్గరికి తెస్తాయి కదా.

ఇక్కడ రివాల్వరు సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అది ఇదే చిక్కుకు ఎదురుగా నిలబెట్టిన అద్దం. 1850లలో ఆంగ్ల అధికారులు కోల్టు, ఆడమ్సు రివాల్వర్లు సొంత డబ్బుతో కొనుక్కునేవారు. కోల్టు రివాల్వరు కొయ్యపెట్టెలో వచ్చేది. పక్కనే మందుబుడ్డి, గుండ్లు పోసుకునే మూస. ఒక అరలో గుండ్రటి గుండు, మరొక అరలో కోలగుండు వచ్చే జంట మూస అది. రైఫిలు గుండు గొట్టం కంటె చిన్నది కావాలి; రివాల్వరు గుండు తన అర కంటె రవ్వంత పెద్దది కావాలి. మీట నొక్కి దించినప్పుడు అంచున సన్నటి సీసపు ఉంగరం చెక్కుకుపోయి గుండు బిగుసుకుంటుంది. ఉంగరం తెగకపోతే గుండు వదులని అర్థం; పక్క అర పేలిన అదురుకు అది ముందుకు జరగవచ్చు. అందుకే దానికి మెత్తని శుద్ధసీసం కావాలి. తగరమో అంజనమో ఎక్కువైతే మీట మొరాయిస్తుంది. పైన కొవ్వు మెత్తేవారు, మసి గట్టిపడకుండా. ఇక్కడ ఒక భేదముంది. ఆ అధికారి తన గుండు తాను పోసుకున్నాడు, తన కొవ్వు తాను ఎంచుకున్నాడు, దాన్ని నోట పెట్టుకోనక్కరలేదు. సిపాయికి ఆ మూడింటిలో ఒక్కటీ లేదు.

ఇప్పుడు అసలు కథ. కొవ్వు పూసిన ఎన్‌ఫీల్డు తూటాలు హిందూదేశానికి 1857లో తొలిసారి రాలేదు. 1853లోనే కొన్ని వచ్చాయి. ఇక్కడి ఎండకూ తేమకూ కొవ్వు ఎలా నిలుస్తుందో చూడడం పరీక్ష ఉద్దేశం. కలకత్తా ఫోర్టు విలియం, కాన్పూరు, రంగూనులలో సిపాయిల సంచులలోనే వాటిని నెలల తరబడి ఉంచి చూశారు. కొరకమని ఎవరూ చెప్పలేదు కనుక గొడవ కాలేదు. ఆ ఏడాది డిసెంబరులో బెంగాలు సైన్యపు అడ్జుటెంట్ జనరల్ కర్నల్ టక్కరు ఒక హెచ్చరిక రాశాడు. ఈ కొవ్వు కులాచారానికి విరుద్ధమైనది కాదని తేలేవరకు దీన్ని స్వదేశీ దళాలకు ఇవ్వరాదని దాని సారాంశం. ఆ కాగితం ఒక కచేరీలో ఆగిపోయింది. మైనం కరుగుతుందా, సీసం పాడవుతుందా అన్న నివేదికలు సముద్రం దాటి వెళ్ళాయి. నాలుగేళ్ళ ముందే ఒకడు సరైన ప్రశ్న వేశాడన్న సంగతి మాత్రం బీరువాలో మిగిలిపోయింది.

1857 జనవరి నాటికి దమ్‌దమ్, అంబాలా, సియాల్‌కోటలలో కొత్త రైఫిలు శిక్షణకు కేంద్రాలు తెరిచారు. దమ్‌దమ్ కలకత్తా పక్కనే ఉన్న ఆయుధాగారం. అక్కడ పనిచేసే ఒక ఖలాసీ, బ్రాహ్మణ సిపాయి ఒకణ్ణి చెంబుతో మంచినీళ్ళు అడిగాడు. చెంబు మైలపడుతుందని సిపాయి ఇవ్వలేదు. నీ కులం ఎన్నాళ్ళులే, రేపు ఆవు కొవ్వూ పంది కొవ్వూ పూసిన తూటాలు కొరుకుతావు కదా అని ఖలాసీ ఎత్తిపొడిచాడు. రైట్ అనే అధికారి జనవరి 22న పైకి పంపిన నివేదికలో ఉన్న సంగతి ఇది. మన పుస్తకాలు ఈ ఖలాసీని ఒక పుకారు మోసినవాడిగా దాటవేస్తాయి. నాకు మాత్రం అతడి మాటలో తరతరాలుగా మంచినీళ్ళు దొరకని నోరు వినిపిస్తుంది. తూటాలు తయారయ్యే చోట పనిచేసినవాడు. ఏ డబ్బాలో ఏముందో అధికారి కంటె అతడికే దగ్గర.

బారక్‌పూరు దళాధిపతి మేజర్ జనరల్ హియర్సీకి హిందూస్తానీ బాగా వచ్చు, సిపాయిల మనసూ తెలుసు. బజారు నుంచి తమకిష్టమైన సరుకు తెచ్చుకుని సిపాయిలే పూసుకునే ఏర్పాటు చేయమని వెంటనే రాశాడు. జనవరి 27న ప్రభుత్వం ఒప్పుకుంది: ఇక కొవ్వు లేని తూటాలే ఇస్తారు, తైలమో మైనమో వారే రాసుకోవచ్చు. మార్చిలో మరొక మార్పు: నోటితో కొరకనక్కరలేదు, వేళ్ళతో చింపవచ్చు. సాంకేతికంగా చిక్కు తీరిపోయింది. మనుషుల మధ్య తీరలేదు. ఇంతకాలం ఏమీ లేదన్నవారు ఇప్పుడు హఠాత్తుగా ఎందుకు మార్చారు? అంటే ఏదో ఉన్నదన్నమాటే! అనుమానం కొవ్వు మీది నుంచి కాగితం మీదికి పాకింది. కొత్త కాగితం నిగనిగలాడుతోంది, కాలిస్తే కొవ్వు వాసన వస్తోందన్నారు. రసాయన పరీక్ష చేయించి కొవ్వు లేదని చెప్పినా ఎవరూ నమ్మలేదు.

ఫిబ్రవరి 26న బర్హంపూరులో 19వ దళం టోపీలు పుచ్చుకోనన్నది. టోపీ అంటే తలపాగా కాదు. మందు అంటించే చిన్న రాగిగుళిక. అక్కడ ఉన్నవి కొవ్వు తూటాలే కావు. మార్చి 29న బారక్‌పూరులో మంగళ్ పాండే తుపాకి ఎత్తాడు. ఏప్రిల్ 8న ఉరితీశారు. ఏప్రిల్ 24న మీరట్‌లో 3వ అశ్వదళం కర్నల్ కార్మైకేల్ స్మిత్, కొత్త పద్ధతిలో వేళ్ళతో చింపడం చూపిస్తానని 90 మందిని కవాతుకు పిలిచాడు. 85 మంది తూటా ముట్టలేదు. అవి వారు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న పాత తూటాలే. సైనిక న్యాయస్థానం ఎక్కువమందికి పదేళ్ళ కఠిన శిక్ష వేసింది. మే 9న తోటి సైనికులందరి ఎదుట, గంటల తరబడి, ఒక్కొక్కరి కాళ్ళకు సంకెళ్ళు బిగించారు. మరునాడు ఆదివారం సాయంకాలం మీరట్ భగ్గుమంది. మే 16న గవర్నర్ జనరల్ కానింగ్ మతంలో జోక్యం చేసుకునే ఉద్దేశం లేదని ప్రకటన ఇచ్చాడు. అప్పటికి ఢిల్లీ చేయిదాటిపోయింది.

ఇక మూడవ ప్రశ్న: ఆ కొవ్వు నిజంగా దేనిది? కలకత్తా ఆయుధాగారం గుత్తేదారు దగ్గర కొవ్వు కొన్నది. ఏ జంతువుదై ఉండాలి, ఏది ఉండకూడదు అని ఒప్పందంలో రాయలేదు. అభ్యంతరకరమైన కొవ్వు కలవకుండా ప్రత్యేకమైన జాగ్రత్త తీసుకోలేదని ఆయుధశాఖే తరువాత ఒప్పుకుంది. చౌకగా దొరికే కొవ్వులో ఆవుది ఉండే అవకాశం నిండుగా ఉంది. మరొకవైపు, అలా కొవ్వు పూసిన తూటాలు సిపాయిల చేతికి పంచిపెట్టిన దాఖలా దాదాపు లేదు. గోల పుట్టగానే ఆపేశారు. ఈ రెండు మాటలూ ఏకకాలంలో నిజం. సిపాయి భయం నిరాధారం కాదు, సిపాయి ఆరోపణ అక్షరాలా జరగలేదు. రెండు మార్కుల వాక్యంలో ఈ రెండూ పట్టవు.

అందుకే సిపాయిలు మూఢవిశ్వాసంతో తిరగబడ్డారన్న మాటను నేను అంగీకరించలేను. తన నోట్లోకి వెళ్ళేదేమిటని అడగడం మూఢత్వం కాదు. పొట్లం మీద సరుకు పేరు చదవకుండా మనం బిస్కెట్టు కొంటున్నామా? అయోధ్య రాజ్యాన్ని 1856 ఫిబ్రవరిలో కలిపేసుకున్నారు. సిపాయిలలో వేలాదిమంది ఆ నేలవారే. అదే ఏడాది వచ్చిన చట్టంతో కొత్తగా చేరేవారు సముద్రం దాటడానికైనా సిద్ధపడాలి. పిండిలో ఎముకల పొడి కలుపుతున్నారన్న వదంతి అప్పటికే ఉంది. ఇన్ని గాయాల మీద ఈ కొవ్వు పడింది. మందు ముందే దట్టించి ఉంది, తూటా నిప్పురవ్వ.

మన ప్రాంతం దగ్గర ఇంతకు ముందే ఒక పాఠం ఉంది. 1805 నవంబరులో మద్రాసు సైన్యంలో కొత్త తలపాగా, దాని మీద తోలుతో చేసిన అలంకారం, కవాతులో నుదుట బొట్టు నిషేధం, గడ్డం గీయించుకోవడం వంటి ఆజ్ఞలు వచ్చాయి. 1806 జూలై 10న వెల్లూరు కోటలో నెత్తురు పారింది. అదే నెలలో హైదరాబాదు సబ్సిడరీ దళంలోనూ అలజడి పుట్టింది. అక్కడి దళాధిపతి మాంట్రెసర్ పైనుంచి అనుమతి వచ్చేదాకా ఆగకుండా తలపాగా ఆజ్ఞను రద్దుచేశాడు. హైదరాబాదులో వెల్లూరు పునరావృతం కాలేదు. ఒకేచోట తోలు, మరొకచోట కొవ్వు, యాభైయేళ్ళ ఎడం. వెల్లూరు తరువాత గవర్నరు బెంటింకునూ సేనాపతినీ వెనక్కి పిలిపించుకున్నవారు ఆ పాఠాన్ని దస్త్రాలలో కట్టి పక్కన పెట్టారు.

1857లో మద్రాసు సైన్యం చాలావరకు కదలలేదు. కాని తెలుగు నేల పూర్తిగా నిద్రపోలేదు. జూలై 17న హైదరాబాదులో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం కోఠీ రెసిడెన్సీ మీద దాడిచేశారు. బంధించి ఉంచిన చీదాఖాన్ అనే జమేదారును విడిపించడం వారి తక్షణ కోరిక. అక్కడ తూటా ప్రసక్తి లేదు. 1857 అంతా కొవ్వు కథే అనేవారికి కోఠీ గోడలు సమాధానం చెబుతాయి.

ఆ తరువాత తూటా ఏమైంది? 1859లో కర్నల్ బాక్సర్ గుండు వ్యాసాన్ని 0.568 నుంచి 0.550 అంగుళానికి తగ్గించాడు. ఎండకు కరిగే పశువుల కొవ్వు తీసేసి, 60 డిగ్రీలు దాటితే గాని కరగని తేనెమైనం పెట్టాడు. తేనెమైనం హిందువుకూ అభ్యంతరం కాదు, ముసల్మానుకూ కాదు. ఈ మార్పు ఎవరి మతం కోసమూ చేసింది కాదు. వేడిదేశంలో కొవ్వు కారిపోయి గుండు దిగడం లేదని చేసింది. లోహం మొరపెట్టుకుంటే విన్నారు. మనిషి మొరపెట్టుకున్నప్పుడు తేనెటీగలు ఈ దేశంలో లేకపోలేదు.

1866లో అదే బాక్సర్ స్నైడరు రైఫిలుకు ఇత్తడి తూటా చేశాడు. వెనుక నుంచి దూర్చేదానికి కొరకడం లేదు, చింపడం లేదు. పొట్లం పోయింది, పేరు మిగిలింది. 1870ల తొలినాళ్ళలో రష్యా ప్రభుత్వం స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీకి రివాల్వర్లు పురమాయిస్తూ, గుండుకు పూసిన కొవ్వు బయటికి కనబడకుండా ఇత్తడి గొట్టం లోపలే గాళ్ళలో దాగి ఉండాలని కోరింది. సంచిలో దుమ్ము అంటకుండా ఉండడానికి. నేటికీ సీసపు గుండ్లు ఆ పద్ధతిలోనే ఉన్నాయి. ఇక దమ్‌దమ్ పేరు 1890లలో మళ్ళీ లోకమంతా వినబడింది. శరీరంలో విచ్చుకునే గుండ్లు అక్కడ తయారై ఆ పేరునే పొందాయి. 1899 హేగ్ సభ యుద్ధంలో వాటిని నిషేధించింది. నీళ్ళు అడిగిన ఖలాసీ ఊరికి నిఘంటువులలో దక్కిన స్థానం అది.

తెలుగులో కొవ్వు అంటే పొగరు అని కూడా అర్థం. మైనం అంటే మెత్తదనం. మనసు మైనంలా కరిగిందంటాం. 1853కూ 1859కీ మధ్య జరిగినదంతా ఒకదాని స్థానంలో మరొకటి రావడానికి పట్టిన ఆరేళ్ళు. మధ్యలో ఎన్ని ప్రాణాలు పోయాయో లెక్క లేదు. ఆ పాఠం చెబుతున్న ఉపాధ్యాయులెవరైనా ఇది చదివితే ఒక చిన్న మనవి: ఆ వాక్యం చదివించిన తరువాత "ఆ కొవ్వు దేనిదో ఎవరు ఎవరిని అడిగారు?" అని పిల్లలను ఒక్క ప్రశ్న వేయండి. మీ వైపు తూటాకు, మందుగుండుకు వేరే పాతమాటలు వాడుకలో ఉంటే తెలియజేయండి, ఒకచోట కూర్చుకుందాం.

స్వస్తి.